టర్బో ఇంజన్ విప్పారు సరే, కంప్రెషన్ పెంచాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులకు స్పేర్ పార్టులు సప్లై చేస్తాను. 2011 మోడల్ ఫియట్ లీనియా టీ-జెట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి వస్తాను. పాత ఓనర్ రీమ్యాప్ చేయించాడు (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పించాడు), బూస్ట్, అంటే టర్బో గాలిని తోసే ఒత్తిడి, 1.2 బార్ పెట్టించానని చెప్పాడు. మొన్న మే నెలలో మిట్టమధ్యాహ్నం తిరిగొస్తుంటే చౌటుప్పల్ దాటాక పికప్ ఒక్కసారిగా పడిపోయింది, వెనక నీలం పొగ వచ్చింది, టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. చిట్యాల దగ్గర ఆపి, హోటల్లో బోరు నీళ్లు అడిగి పోసుకుని, మెల్లగా నల్గొండ షెడ్డుకు చేర్చాను. విప్పితే మూడో పిస్టన్‌లో రింగుల మధ్య గట్టు విరిగి ఉంది. హెడ్ వంగిందని 0.2 మి.మీ. కోసి చదును చేయించారు (ఫేసింగ్). బ్లాక్‌లో సిలిండర్లను 0.4 మి.మీ. ఓవర్ సైజుకు బోరింగ్ చేయించాలట. ఇక్కడే చిక్కొచ్చింది. టర్బో బండికి కంప్రెషన్ తక్కువే ఉండాలి, మందం గ్యాస్కెట్ వేసి 8.5కి దించుదాం అంటున్నాడు షెడ్డు ఉస్తాద్. మా బామ్మర్ది మాత్రం ఫోర్జ్‌డ్ (పోత కాకుండా కొట్టి చేసిన గట్టి) పిస్టన్లు తెప్పించి 10.5 పెట్టుకో, ఇప్పటి టీఎస్ఐ ఇంజన్లు అంతే ఉన్నాయి, ల్యాగ్ (టర్బో ఊపందుకునేదాకా పట్టే ఆలస్యం) పోతుంది, మైలేజీ పెరుగుతుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ఇద్దరి మాటా పక్కన పెట్టండి. కంపెనీ ఇచ్చిన 9.8 దగ్గరే ఉంచండి. అయితే 9.8 దానంతట అదే ఉండదు. మీ బామ్మర్ది పెంచమని చెప్పేలోపే మీ ఇంజన్ కంప్రెషన్ కొంత పెరిగిపోయింది, అది మీ ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

లెక్క చూద్దాం. టీ-జెట్ బోరు (సిలిండర్ వెడల్పు) 72 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం) 84 మి.మీ. ఒక్కో సిలిండర్‌కి 342 సీసీ, నాలుగూ కలిపి 1368. పిస్టన్ అడుగు నుంచి పైకి వచ్చేదాకా తోసే గాలి ఈ 342 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక హెడ్‌కీ దానికీ మధ్య మిగిలే జాగా ఇంకొకటి. ఈ రెండింటి మొత్తాన్ని ఆ మిగిలిన జాగాతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. 9.8 రావాలంటే పైన 38.9 సీసీ జాగా ఉండాలి. 10.5 కావాలంటే 36 సీసీ. అంటే తేడా మూడు సీసీలు కూడా లేదు. ఒక టీ స్పూన్‌లో పట్టేది ఐదు సీసీ.

ఇప్పుడు మీ షెడ్డులో జరిగింది చూడండి. హెడ్ 0.2 మి.మీ. కోశారు. బోరు వెడల్పంతా లెక్కేసుకుంటే పై జాగాలో దాదాపు 0.8 సీసీ పోయింది. రేపు 0.4 ఓవర్ సైజు బోరు వేస్తే కింది గాలి 342 నుంచి 346 సీసీకి చేరుతుంది. మళ్లీ భాగించండి: 10.1 వస్తుంది. పిస్టన్ పై గుంట పాతదే అయినా సరే, ఎవరూ ఏమీ పెంచకపోయినా సరే, 9.8 కాస్తా 10.1 అవుతుంది. దీనిమీద 10.5 పిస్టన్లు అని ఆర్డర్ ఇస్తే, ఆ పిస్టన్లు కోయని హెడ్‌కి లెక్కేసి చేసినవి కాబట్టి, మీకు చేతికొచ్చేది 10.7 దాకా ఉంటుంది. 

ఇక్కడ ఇంకో మాట. షెడ్డులో గేజ్ పెట్టి చూసి చెప్పే కంప్రెషన్ వేరు, ఈ రేషియో వేరు. గేజ్ చూపేది రింగులు, వాల్వులు గాలిని ఎంత పట్టి ఉంచుతున్నాయో. బ్యాటరీ బలాన్ని బట్టి, త్రాటిల్ ఎంత తెరిచారన్నదాన్ని బట్టి కూడా ఆ అంకె మారుతుంది. దాన్ని చూసి రేషియో చెప్పేవాళ్లని నమ్మకండి.

మీ బామ్మర్ది చెప్పిన లాభం అబద్ధం కాదు. కంప్రెషన్ పెరిగితే అదే పెట్రోల్ నుంచి ఎక్కువ పని వస్తుంది. టర్బో ఇంకా ఊపందుకోని 1500, 1800 ఆర్పీఎం దగ్గర బండి కాస్త చురుగ్గా కదులుతుంది. కానీ ఎంత? 9.8 నుంచి 10.5కి పెంచితే థర్మల్ లెక్క ప్రకారం వచ్చేది సుమారు రెండు శాతం. మీ ఇంజన్ టార్క్ 207 న్యూటన్ మీటర్లు. అందులో రెండు శాతం అంటే నాలుగు. సీట్లో కూర్చున్నవాడికి తెలిసే తేడా కాదు. మైలేజీలోనూ అంతే, లీటరుకు 13 వచ్చే బండికి పావు కిలోమీటరు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించినా ఆ మాత్రం వస్తుంది. పవరే కావాలంటే దారి బూస్ట్. 0.8 బార్ నుంచి 0.9కి పెంచితే సిలిండర్‌లోకి దూరే గాలి ఐదు శాతం పైన పెరుగుతుంది. అందుకే టర్బో ఇంజన్‌లో కంప్రెషన్ పెంచి పవర్ వెతకడం ఖర్చెక్కువ, ఫలం తక్కువ వ్యవహారం.

పోనీ, చిన్న లాభమైనా లాభమే కదా, నష్టమేముంది అంటారా? నష్టం నాకింగ్. స్పార్క్ పడ్డాక మంట ప్లగ్ దగ్గర మొదలై గోడల వైపు పాకుతుంది. అది చేరేలోపు అంచుల్లో ఉన్న మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక దానంతట అదే ఒక్కసారిగా పేలితే వచ్చే టకటక శబ్దమే నాకింగ్. దాన్నుంచి పుట్టే పీడన తరంగాలు పిస్టన్ అంచుల్ని సుత్తితో కొట్టినట్టు కొడతాయి. పోత అల్యూమినియం పిస్టన్‌లో అన్నింటికంటే పలచనైన చోటు మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గట్టు. విరిగేది అదే. మీ మూడో పిస్టన్‌లో విరిగిందీ అదే.

ఈ పేలుడు ఎప్పుడొస్తుందన్నది చాలావరకు వేడి చేతిలో ఉంది. నల్గొండలో మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బయట 43 డిగ్రీలు ఉన్నప్పుడు, 0.8 బార్ బూస్ట్ దగ్గర టర్బో నుంచి బయటికొచ్చే గాలి 125 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, దానికి టర్బో తన నష్టాన్ని కూడా కలుపుతుంది. 1.2 బార్ అయితే అదే గాలి 155 దాటుతుంది. ఇక దాన్ని చల్లార్చాల్సింది ఇంటర్‌కూలర్. ముందు బంపర్ వెనక దుమ్ము పట్టి, రెక్కలు వంగి, పదేళ్ల పైబడిన ఇంటర్‌కూలర్ ఎంత చల్లారుస్తుందో ఊహించుకోండి.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. సిలిండర్‌లోకి 40 డిగ్రీల గాలి వెళ్తోందనుకోండి. కంప్రెషన్‌ను 9.8 నుంచి 10.5కి పెంచితే, పిస్టన్ పైకి వచ్చేసరికి ఆ గాలి వేడి ఇంకో 20 డిగ్రీలు పెరుగుతుంది. అదే కంప్రెషన్ ముట్టుకోకుండా, లోపలికెళ్లే గాలే 40 బదులు 60 డిగ్రీలు ఉంటే, పైకి వచ్చేసరికి పెరిగేది దాదాపు 50 డిగ్రీలు. నష్టం లేని ఆదర్శ సిలిండర్‌కి వేసిన లెక్క ఇది, అసలు ఇంజన్‌లో అంకెలు కొంచెం తగ్గుతాయి, వాటి మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అంటే ఒక పాడు ఇంటర్‌కూలర్ చేసే చెడు, మీ బామ్మర్ది పెంచమన్న కంప్రెషన్ చేసే చెడుకు రెట్టింపు పైనే. పంతంగి టోల్ దగ్గర పండగ రద్దీలో ఇరవై నిమిషాలు నిలబడి, గేటు దాటగానే ఫుల్ త్రాటిల్ తొక్కినప్పుడు మీ ఇంజన్ తాగే గాలి ఏ స్థితిలో ఉంటుందో ఇక మీరే లెక్కేసుకోండి. ఈ ఎండల్లో తిరిగే బండికి కంప్రెషన్ పెంచడమంటే, ఎండ ఇప్పటికే వాడేసుకున్న సేఫ్టీలో మిగిలిన కాస్త కూడా తీసేయడమే.

నాక్ సెన్సర్ ఉంది కదా, కంప్యూటర్ చూసుకుంటుంది కదా అని మీ బామ్మర్ది అంటాడు. చూసుకుంటుంది, స్పార్క్ పడే టైమింగ్ వెనక్కి లాగి. టైమింగ్ వెనక్కి పోతే మంట ఆలస్యంగా రగులుతుంది, వేడి పిస్టన్‌ని తోయకుండా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, టర్బో, మేనిఫోల్డ్ ఎర్రబడతాయి, పవర్ తగ్గుతుంది. డబ్బు పెట్టి తెచ్చుకున్న ఆ రెండు శాతాన్ని కంప్యూటర్ ప్రతి మధ్యాహ్నం తిరిగి తీసేసుకుంటుంది. మీరు తిరిగేదీ మధ్యాహ్నమే.

టీఎస్ఐ పోలిక గురించి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.5 టీఎస్ఐ కంప్రెషన్ 10.5, నిజమే. కానీ ఆ ఇంజన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోనే చిమ్ముతుంది. ద్రవంగా పడ్డ పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలి నుంచే వేడి లాగుతుంది, దాంతో గాలి చల్లబడుతుంది. ఆ చల్లదనమే వాళ్లకి 10.5 పెట్టే ధైర్యం ఇచ్చింది. మీ టీ-జెట్‌లో పెట్రోల్ పడేది ఇన్‌టేక్ పోర్ట్‌లో. అక్కడ ఆవిరయ్యేటప్పుడు వేడిని ఎక్కువగా పోర్ట్ గోడ, వాల్వు వెనక భాగం నుంచి తీసుకుంటుంది, సిలిండర్‌లోని గాలికి ఆ మేలు పెద్దగా అందదు. పైగా కొత్త ఇంజన్లలో వాల్వ్ టైమింగ్ మారుతూ ఉంటుంది, హెడ్‌లో ఎగ్జాస్ట్ చుట్టూ నీళ్లు తిరుగుతాయి. ఒక్క అంకె తెచ్చి ఇక్కడ అతికిస్తే మిగిలినవి దాని వెంట రావు. కంపెనీలకే ఈ అంకె ఎంత తలనొప్పో చూడాలంటే నిస్సాన్ వీసీ-టర్బోని చూడండి. తేలిగ్గా నడిచేటప్పుడు 14, బూస్ట్ గట్టిగా కొట్టేటప్పుడు 8, నడుస్తుండగానే కంప్రెషన్ మార్చుకోవడానికి క్రాంక్ దగ్గర లింకులు, మోటార్ పెట్టి అంత గొడవ పడ్డారు. ఎక్స్-ట్రెయిల్‌తో అది మన దేశానికీ వచ్చింది.

ఇక ఉస్తాద్ మాట. ఆయన్ని తీసిపారేయకండి, ఆయన చెప్పింది ఒకప్పుడు పుస్తకం మాటే. 1975లో వచ్చిన పోర్షే 911 టర్బో కంప్రెషన్ 6.5. అప్పట్లో ఇంటర్‌కూలర్ లేదు, నాక్ సెన్సర్ లేదు, కాబట్టి కంప్రెషన్ తగ్గించుకోవడం తప్ప దారి లేదు. దానికి మూల్యం ఏమిటంటే, టర్బో తిరిగేదాకా ఆ ఇంజన్లు నిద్రపోతూ ఉండేవి, తర్వాత ఒక్కసారిగా లేచేవి. 1980ల మొదట్లో సాబ్ కంపెనీ నాకింగ్‌ను విని బూస్ట్ తగ్గించే పద్ధతి తెచ్చాక కంప్రెషన్ మెల్లగా పైకి ఎక్కడం మొదలైంది.

పైగా మన షెడ్లలో రోజూ వచ్చేవి బొలెరోలు, ఇన్నోవాలు, డీసీఎంలు. అన్నీ డీజిల్. డీజిల్‌లో నొక్కేది ఒట్టి గాలిని, అందుకే టర్బో పెట్టి కూడా 16, 17 కంప్రెషన్ నడుస్తుంది. చాలా డీజిల్ ఇంజన్లకు గ్యాస్కెట్లే రెండు మూడు మందాల్లో దొరుకుతాయి, అంచున ఉండే గాట్లు చూసి ఎంచుకుంటారు. ఆ అలవాటుతోనే మీ ఉస్తాద్ మందం గ్యాస్కెట్ అన్నాడనుకుంటాను. కానీ 9.8 ఇంజన్‌ని గ్యాస్కెట్‌తో 8.5కి దించాలంటే పైన 6.7 సీసీ జాగా పెంచాలి, అంటే గ్యాస్కెట్ మందం 1.6 మి.మీ. పెంచాలి. అది గ్యాస్కెట్ కాదు, స్పేసర్.

అప్పుడు ఇంకో చెడు జరుగుతుంది. హెడ్‌లో చాంబర్ అంచున చదునైన మెట్లు ఉంటాయి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ మెట్టుకీ పిస్టన్‌కీ మధ్య ఒక మి.మీ. అటూఇటుగా సందు మిగులుతుంది. అందులో ఉన్న మిశ్రమం పిచికారీలా మధ్యలోకి తన్నుకుని వెళ్లి మంటను చకచకా పాకిస్తుంది. మిగిలిన పలచని పొర గోడల చల్లదనానికి పేలకుండా ఆగుతుంది. స్క్విష్ అంటారు దీన్ని. 1.6 మి.మీ. మందం పెంచితే ఈ సందు రెండున్నర దాటిపోతుంది, స్క్విష్ చచ్చిపోతుంది. నాకింగ్ తగ్గించాలని చేసిన పనే నాకింగ్‌ని పిలుస్తుంది. దానికి తోడు నాలుగు శాతం పైగా ఇంధనం వృథా, కింది ఆర్పీఎంలో బండి ముసలిదానిలా లాగుతుంది. తగ్గించాల్సి వస్తే పిస్టన్ పై గుంటతో తగ్గించాలి, గ్యాస్కెట్‌తో కాదు.

అసలు ప్రశ్న మీరు అడగలేదు. పాత పిస్టన్ ఎందుకు విరిగింది? అది తేలకుండా కొత్త పిస్టన్ ఏ రేషియోలో వేసినా మళ్లీ అదే చిట్యాల. విరిగిన పిస్టన్ని పారేశారా? పారేయకపోతే వెలుతురులో పెట్టి చూడండి. పైభాగం అంచున, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వైపు, ఇసుకతో కొట్టినట్టు చిన్న చిన్న గుంటలుంటే నాకింగే. ఆ సిలిండర్ ప్లగ్ తీసి తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, మెరిసే వెండి రవ్వలు ఉన్నాయేమో చూడండి. ఆ రవ్వలు మీ పిస్టన్ అల్యూమినియమే. అలా కాకుండా పిస్టన్ మధ్యలో కరిగి గుంట పడి ఉంటే అది వేరే జబ్బు, స్పార్క్ కంటే ముందే ఎక్కడో ఎర్రబడ్డ చోటు నుంచి మంట రాజుకుంటోంది. గుంటలూ లేవు, కరగలేదు, గట్టు మాత్రం విరిగిందంటే రింగు కొనలు చూడండి. కొనలు ఒకదానికొకటి రాసుకుని మెరుస్తుంటే, రింగు గ్యాప్ చాలక వేడికి సాగి, బిగుసుకుని గట్టుని విరిచింది.

నా అంచనా మాత్రం మొదటిదే. 1.2 బార్ మ్యాప్, మామూలు పెట్రోల్, మే మధ్యాహ్నం: ఈ మూడూ చాలు. అయినా మూడో సిలిండరే ఎందుకన్నది చూడాలి. నాలుగు ఇంజెక్టర్లూ బెంచ్ మీద పెట్టించి ఏది ఎంత పోస్తోందో కొలిపించండి. ఒకటి చెత్తపట్టి తక్కువ పోస్తుంటే ఆ సిలిండర్ ఒక్కటే లీన్ అయి (గాలికి తగ్గ పెట్రోల్ అందక) వేడెక్కుతుంది, మిగతా మూడు బాగానే ఉంటాయి.

తర్వాత నీళ్లు. చిట్యాలలో పోసింది ఒక్కసారి అవసరానికి, తప్పు లేదు. కానీ పాత ఓనర్ ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశాడేమో చూడండి. మన నల్గొండ బోరు నీళ్లు ఎంత కాఠిన్యమో ఇంట్లో గీజర్ రాడ్ చూస్తే తెలుస్తుంది. అదే తెల్ల పెచ్చు హెడ్ లోపల ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉండే సన్నటి దారుల్లో కడుతుంది. పెచ్చు కట్టిన చోట వేడి నీళ్లలోకి దిగదు, చాంబర్ గోడ మీదే నిలుస్తుంది. ముల్లు మధ్యలోనే ఉంటుంది, ఇంజన్ మాత్రం లోపల నాక్ అవుతుంది. హెడ్ షెడ్డులో ఉన్నప్పుడే వాటర్ దారులు శుభ్రం చేయించండి, రేడియేటర్ రాడింగ్ చేయించండి లేదా మార్చండి, ఇక మీదట కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. నన్నడిగితే ఫోర్జ్‌డ్ పిస్టన్ల కంటే ముందు డబ్బు పోవాల్సింది ఇక్కడ.

ఇప్పుడు 9.8కి తిరిగి రావడం ఎలా? ముందు కొలవండి, అంచనాలు వద్దు. వాల్వులు, ప్లగ్గు బిగించిన హెడ్‌ని తిరగేసి, చాంబర్ అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి, సన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ ముక్క పైన అంటించండి. రంధ్రం ఒక పక్కకి ఉండాలి, హెడ్‌ని ఆ పక్క కాస్త ఎత్తుగా పెడితే చివరి గాలి బుడగ అటే వచ్చి బయటికి పోతుంది. రంగు కలిపిన కిరోసిన్‌ని బ్యూరెట్‌తో పోయండి. కెమిస్ట్రీ ల్యాబ్ సామాను అమ్మే షాపులో బ్యూరెట్ దొరుకుతుంది, లేదంటే మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి అయినా పని నడుస్తుంది. బుడగ పూర్తిగా పోయేసరికి ఎంత పట్టిందో అదే చాంబర్. నాలుగూ కొలవండి, నాలుగింటి మధ్య తేడా అర సీసీ దాటకూడదు.

పిస్టన్ గుంట కూడా అలాగే. బ్లాక్ పై అంచు నుంచి పిస్టన్‌ని సరిగ్గా 5 మి.మీ. కిందికి దించి, చుట్టూ గ్రీజుతో మూసి, పైన అదే అక్రిలిక్ ముక్క పెట్టి నింపండి. పిస్టన్ చదునుగా ఉంటే 72.4 బోరులో 20.6 సీసీ పట్టాలి. 26.6 పట్టిందంటే పిస్టన్‌లో ఆరు సీసీ గుంట ఉందన్నమాట. చాంబర్, గుంట, బిగించాక గ్యాస్కెట్ మందం వల్ల వచ్చే జాగా, పిస్టన్ బ్లాక్ అంచు కంటే ఎంత కిందో లేదా పైనో ఆగుతుందన్నది, నాలుగూ కలపండి. మీ 72.4 బోరుకి 9.8 రావాలంటే మొత్తం 39.3 సీసీ కావాలి. పైన వేసిన లెక్క ప్రకారం మీకు ఉండేది 38 దగ్గర. తక్కువైన 1.3 సీసీని గుంట కాస్త పెద్దదైన పిస్టన్‌తో తెచ్చుకోవచ్చు. లేదా 0.3 మి.మీ. మందం ఎక్కువ గ్యాస్కెట్ దొరికితే అదీ సరిపోతుంది. ఇందాక మందం గ్యాస్కెట్ వద్దన్నాను కదా అనకండి. ఫేసింగ్‌లో 0.2 ఇప్పటికే పోయింది కాబట్టి, ఈ 0.3 స్క్విష్ సందుని దాదాపు పాత చోటికే తెస్తుంది. 1.6 సంగతి వేరు.

బోరింగ్‌కి ఇంకా ఇవ్వకపోతే ఆపండి. ముందు పిస్టన్లు చేతికి రావాలి. ఒక్కో పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు ఆ బోరు వేయాలి. ఫోర్జ్‌డ్ అయితే పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు ఎక్కువ అడుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు కాస్త టకటకమంటుంది, దానికి కంగారుపడకండి. రింగు గ్యాప్ మాత్రం పిస్టన్ కంపెనీ కాగితంలో టర్బోకి అని రాసిన అంకె ప్రకారమే ఫైల్ చేయించండి. సాధారణంగా ఈ సైజు బోరుకి 0.4 మి.మీ. దగ్గర ఉంటుంది. ప్యాకెట్లో వచ్చినట్టే వేసేస్తాం అంటే ఒప్పుకోకండి. హెడ్ చివరిసారి బిగించే ముందు పిస్టన్ మీద వాల్వుల చోట పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, పాత గ్యాస్కెట్‌తో బిగించి, టైమింగ్ బెల్ట్ వేసి, చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పండి. ముద్ద ఎంత పలచబడిందో చూస్తే వాల్వు పిస్టన్‌కి ఎంత దగ్గరగా వస్తోందో కళ్లకు కనబడుతుంది. కోసిన హెడ్‌కి ఇది చూడకుండా స్టార్ట్ చేయొద్దు.

పెట్రోల్ సంగతి మీరు అడగలేదు కానీ మీ బామ్మర్ది తప్పకుండా అంటాడు: ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చింది, ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తి) 95, కాబట్టి 10.5 నడుస్తుంది అని. ఈ20 ప్రమాణంలో కనీస ఆక్టేన్ 95 అన్నది నిజం, పాత మామూలు పెట్రోల్‌కి 91. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు వేడి కూడా ఎక్కువే లాగుతుంది. నాకింగ్ వరకూ ఈ20 మీకు మేలే చేస్తుంది. కానీ మీ బండి 2011ది, ఈ20 కోసం చేసింది కాదు. ఇథనాల్ ఉన్న పెట్రోల్ ఎక్కువ పోయాల్సి వస్తుంది, ఇంజెక్టర్లు, పంపు చాలకపోతే ఫుల్ బూస్ట్‌లో లీన్ అవుతుంది, అప్పుడు ఆక్టేన్ ఎంతున్నా కాపాడదు. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి, పగులుతాయి. ఇంజన్ కిందికి దిగి ఉంది కాబట్టి ఇప్పుడే ఫ్యూయెల్ పైపులు, ఓ-రింగులు ఇథనాల్ తట్టుకునే రకం వేయించేయండి. ఆ మేలుని కంప్రెషన్ పెంచి ఖర్చుపెట్టకుండా, మే నెల కోసం దాచుకోండి. హైదరాబాద్‌లో 100 ఆక్టేన్ కొట్టించుకోవచ్చు, కానీ దేవరకొండ దాటి ఎటో పోయినప్పుడు ఏ బంకులో ఏది దొరికితే అదే పోయాలి. ఇంజన్ కట్టుకోవాల్సింది ఆ బంకు కోసం.

ఆ 1.2 బార్ మ్యాప్‌ని తీయించి కంపెనీ ఫైల్ వేయించండి, కనీసం కొత్త పార్టులు సర్దుకునే రన్-ఇన్ అయ్యేదాకా. తర్వాత మళ్లీ ట్యూన్ కావాలంటే, డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద వచ్చిన పవర్ కాగితం చూసి డబ్బులివ్వకండి. ఏసీ గదిలాంటి చోట, పెద్ద ఫ్యాన్ ముందు వచ్చిన అంకె అది. మధ్యాహ్నం రెండింటికి, ఏసీ వేసి, నలుగురు కూర్చుని, నాలుగో గేర్లో 2000 ఆర్పీఎం నుంచి పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ టైమింగ్ ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో, లోపలికెళ్లే గాలి వేడి ఎంతుందో కంప్యూటర్ రికార్డు (లాగ్) చూపించమనండి. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు తీసిన లాగ్ అయితే ఇంకా మంచిది, అక్కడ తక్కువ ఆర్పీఎంలో బరువు ఎక్కువ పడుతుంది, ఇంజన్ బండారం అక్కడే బయటపడుతుంది. రెండు మూడు డిగ్రీలు అప్పుడప్పుడూ లాగితే ఫర్వాలేదు. ప్రతిసారీ ఐదారు డిగ్రీలు లాగుతుంటే ఆ ట్యూన్ మీకొద్దు.

ఇన్ని చెప్పాక కూడా 10.5 మీద మనసు పోకపోతే, ఎవరికి అది పనికొస్తుందో చెబుతాను. కొత్త పెద్ద ఇంటర్‌కూలర్, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, ఒక నంబరు చల్లని (వేడిని త్వరగా వదిలే) ప్లగ్గులు, ఎప్పుడూ ఒకే మంచి పెట్రోల్, బూస్ట్ కంపెనీ ఇచ్చినంతే, దానికోసం ప్రత్యేకంగా మ్యాప్ చేసే మనిషి. ఆదివారం పొద్దున్నే నాగార్జునసాగర్ దాకా పోయి వచ్చే బండి అయితే సరదాగా ఉంటుంది. మీది వారానికి రెండుసార్లు లోడుతో, ఎండలో, టైమ్‌కి చేరాల్సిన బండి. మీ బామ్మర్దికి అంత ఉత్సాహం ఉంటే ఇంటర్‌కూలర్ ఆయన్నే తెప్పించమనండి.

హెడ్ బిగించే ముందు నాలుగు చాంబర్ల కొలతలు, గ్యాస్కెట్ మందం రాసి పంపితే లెక్క నేను సరిచూస్తాను. ఉస్తాద్‌కి కూడా ఆ బ్యూరెట్ పట్టి చూపించండి, ఒకసారి చూస్తే డీజిల్ హెడ్లకు కూడా వాడతాడు.